ఆస్పత్రిలో పిల్లలకు ఆటలా?

ప్రశ్న: మాది ఆత్మకూర్ (ఎస్) మండలంలోని పల్లె. మా నాలుగేళ్ళ బాబు న్యుమోనియాతో ఆస్పత్రిలో ఆరు రోజులు ఉన్నాడు. "జబ్బు పిలగానికి ఆటలేంది, పండుకోనియ్యి" అని మా అత్తమ్మ బొమ్మలు తేనివ్వలేదు. ఇంటికి వచ్చి పది రోజులైంది. జ్వరం, దగ్గు తగ్గాయి. కాని రాత్రి పక్క తడుపుతున్నాడు, నా కొంగు వదలడు, తెల్లకోటు కనబడితే దాక్కుంటున్నాడు. వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ చేయాలన్నారు. మళ్ళీ ఎలా తీసుకుపోవాలి? — ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ బాబు మొండివాడూ కాడు, అతనికి కొత్త జబ్బేదీ రాలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన చిన్నపిల్లల్లో ఇటువంటి మార్పులు సాధారణంగా కనిపిస్తాయి. పక్క తడిపినందుకు తిట్టకండి, నలుగురిలో చెప్పి సిగ్గుపరచకండి. కొద్ది వారాల్లో చాలామంది సర్దుకుంటారు. అయితే మూత్రంలో మంట, అతిదాహం, మాటిమాటికి మూత్రం రావడం ఉంటే మాత్రం పరీక్ష చేయించాలి.

మీ అత్తగారు ప్రేమతోనే వద్దన్నారు. ఆయాసపడుతున్న బిడ్డకు విశ్రాంతి కావలసిందే. కాని విశ్రాంతి వేరు, ఏమీ తోచకుండా గోడకేసి చూస్తూ పడుకోవడం వేరు. నాలుగేళ్ళ బిడ్డకు సూది ఎందుకు గుచ్చుతున్నారో తెలియదు. "అల్లరి చేశానని ఇక్కడ పెట్టారేమో" అనుకుంటాడు. మనసులోని భయాన్ని పెద్దలు మాటల్లో చెప్పుకుంటారు, పిల్లలు ఆటలో చెప్పుకుంటారు. ఆ ఆట కూడా లేకపోతే భయం లోపలే ఉండిపోతుంది.

వైద్యులకూ ఆలస్యంగానే తెలిసింది

ఒకప్పుడు ఇంగ్లండు ఆస్పత్రుల్లో పిల్లవాణ్ణి చేర్చుకుని తల్లిని ఇంటికి పంపేవారు. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న బిడ్డను చూసి "అలవాటు పడ్డాడు" అనుకునేవారు. అది అలవాటు కాదనీ, ఆశ వదులుకోవడమనీ 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ తీసిన ఒక చలనచిత్రం చూపించింది. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక తల్లిదండ్రులను పిల్లల వద్దకు రానివ్వాలనీ, ఆటకు ఏర్పాటు ఉండాలనీ సిఫారసు చేసింది. మన ఆస్పత్రుల్లో తల్లి బిడ్డ మంచం పక్కనే ఉండటం మొదటినుంచీ వాడుకే. ఇది మనకున్న పెద్ద వసతి. ఆ తల్లి చేతికి ఆట కూడా అందిస్తే చాలు.

ఆట వల్ల భయం తగ్గడమే కాదు, మెదడు కూడా పెరుగుతుంది. తీవ్రమైన పోషకాహార లోపంతో చేరిన పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పది మెట్ల చికిత్సలో తొమ్మిదో మెట్టు ఆటపాటలు, ఆప్యాయత. రోజుకు 15 నుంచి 30 నిమిషాలు పద్ధతి ప్రకారం ఆడించాలని అందులో ఉంది. జమైకాలో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు ఇటువంటి పిల్లలను ఆస్పత్రిలోనూ, ఇంటికి వెళ్ళాక కొన్నేళ్ళూ ఆడించే ఏర్పాటు చేశారు. తిండి, మందులు మాత్రమే అందిన పిల్లల కన్నా వీరు తెలివితేటల్లో ముందున్నారు. 14 ఏళ్ళ తరువాత పరీక్షించినా ఆ తేడా కనిపించింది. మన పోషకాహార పునరావాస కేంద్రాల్లో కూడా ఆట చికిత్సలో భాగమే.

ఏ వయసుకు ఏ ఆట?

దీనికి డబ్బు ఖర్చు లేదు. ఏడాది లోపు బిడ్డకు తల్లి ముఖం, పాట, గిలక చాలు. ఏడాది నుంచి మూడేళ్ళ వరకు మూతలు, స్టీలు గ్లాసులు, ఖాళీ డబ్బాలు ఒకదానిలో ఒకటి పెట్టే ఆట, తువ్వాలు చాటున దాగుడుమూతలు. మూడు నుంచి ఆరేళ్ళ వారికి బొమ్మ, దూది, కట్టు గుడ్డ. బడి పిల్లలకు కాగితం, రంగు పెన్సిళ్ళు, అష్టాచెమ్మ, పులి-మేక, పొడుపు కథలు. సెలైన్ ఒక చేతికుంటే రెండో చేత్తో ఆడవచ్చు. పెద్దగట్టు జాతరలో కొన్న పాత బొమ్మైనా సరే, ఇంటినుంచి తెచ్చినదైతే బిడ్డకు మరింత ధైర్యం.

సెల్‌ఫోను ఇస్తే బిడ్డ ఏడుపు మానవచ్చు, కాని దానితో మాటకు బదులు మాట రాదు. రెండేళ్ళ లోపు వారికి అసలు వద్దు. పెద్దపిల్లలకు సూది వేసే వేళ కాసేపు చూపించడంలో తప్పు లేదు.

ఆపరేషన్‌కు ముందు

మీ బాబుకు రెండు మూడు రోజుల ముందే నిజం చెప్పండి. బొమ్మకు పొట్ట కింద కట్టు కట్టించండి. "బొమ్మకు నిద్రమందు ఇస్తారు. లేచేసరికి పని అయిపోతుంది. కొంచెం నొప్పి ఉంటుంది, మందు వేస్తారు, అమ్మ ఉంటుంది" అని ఆటగా చెప్పండి. తర్వాత అతన్నే డాక్టరుగా ఉండమనండి. అతను బొమ్మకు గట్టిగా సూదులు గుచ్చినా వారించకండి, భయం అలాగే బయటపడుతుంది.

"ఏమీ నొప్పి ఉండదు" అని మాత్రం అబద్ధం చెప్పకండి. "తినకపోతే డాక్టరు సూది వేస్తాడు" అని ఇంట్లో ఎవరూ బెదిరించకూడదు. సూది వేసేటప్పుడు పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టేకన్నా ఒడిలో కూర్చోబెట్టుకుని, దీపం ఆర్పినట్లు "ఉఫ్" మని ఊదమనడం మేలు. ఆపరేషన్ ముందు ఎన్ని గంటలు ఏమీ పెట్టకూడదో డాక్టరు చెప్పినట్లే పాటించండి, ఏడుస్తున్నాడని బిస్కెట్టు ఇవ్వకండి. ఈలోగా హెర్నియా వాపు గట్టిపడి, నొప్పితో వాంతులైతే తేదీ కోసం ఆగక వెంటనే తీసుకువెళ్ళాలి. 2019లో సూర్యాపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది కనుక మొదటి పరుగు అక్కడికే కావచ్చు.

జాగ్రత్తలు

చిన్నపిల్లలకు గోలీలు, గచ్చకాయలు, చింతగింజలు, పూసలు, బెలూన్లు ఇవ్వరాదు, గొంతులో అడ్డుపడతాయి. బొమ్మల్లోని బిళ్ళ బ్యాటరీ మింగితే ప్రాణాపాయం. ప్లాస్టిక్ బొమ్మలను రోజూ సబ్బుతో కడగాలి. తట్టు, ఆటలమ్మ, విరేచనాలు ఉన్న పిల్లల బొమ్మలు పక్క మంచానికి ఇవ్వరాదు.

చివరగా తల్లులందరూ గుర్తుంచుకోవలసిన మాట. జ్వరం తగ్గకముందే బిడ్డ బొమ్మకోసం చెయ్యి చాపితే అది మంచి సూచన. ఆడుతున్న బిడ్డ ఉన్నట్టుండి ఆట మాని మగతగా పడి ఉంటే, పాలు తాగలేకపోతే, తిన్నదంతా కక్కుతుంటే, ఫిట్స్ వస్తే, "నిద్రపోతున్నాడులే" అనుకోకండి. అది రాత్రి రెండు గంటలైనా నర్సును లేపండి.