గేమ్స్ పీరియడ్ ఎవరి సొమ్ము?

మా మన్ననూరు వైపు ఆడపిల్ల తొమ్మిదో తరగతికి వచ్చిందంటే ఇంట్లోవాళ్లకంటే ముందు వాడకట్టు మొదలుపెడుతుంది. "ఇగ ఆటలు బంద్ జెయ్యి బిడ్డా, వచ్చే ఏడు టెన్త్" అని. బడిలోనూ అదే పాట. టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉంటుంది, గంట కూడా కొడతారు. కానీ గ్రౌండ్‌లోకి పోయేది ఎవరూ ఉండరు. లెక్కల సారు చాక్‌పీసు పట్టుకుని లోపలికి వస్తారు, పోర్షన్ మిగిలిపోయిందని. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టులు. ఇన్ని గంటల్లో అవ్వని పోర్షన్ ఆ ముప్పావు గంటలో ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మా చిన్నది ఇప్పుడు తొమ్మిది. మొన్న తల్లిదండ్రుల మీటింగ్‌లో లేచి ఈ మాటే అడిగాను. "మీకు మార్కులు కావాలా, ఆటలు కావాలా అమ్మా?" అన్నారు పెద్దసారు. రెండూ కావాలన్నాను. అందరూ నవ్వారు. బయటికొచ్చాక ఒకామె చెయ్యి పట్టుకుని "సారుతోని గట్ల మాట్లాడుతరా అక్కా, మన పిల్లల మీద పడుతది" అంది. ఈ వ్యాసం ఆ చెల్లెలి కోసమే రాస్తున్నాను.

చెల్లీ, గేమ్స్ పీరియడ్ తీసేస్తే నష్టపోయేది ఎవరో ఒకసారి చూడు. మగపిల్లలకు ఏం తక్కువ కాదు. వాళ్లు ఆదివారం పొద్దున బ్యాట్ పట్టుకుని వెళ్తే చీకటి పడ్డాకే ఇల్లు చేరతారు, ఎవరూ అడగరు. మన పిల్ల బడి నుంచి రాగానే బ్యాగు దించి బోళ్లు తోమాలి, తమ్ముణ్ణి చూడాలి. పెద్దమనిషైన తర్వాత వీధిలో తొక్కుడుబిళ్ల ఆడినా "గా ఉరుకుడేంది?" అంటారు. రోజంతటిలో ఆడపిల్ల ఒళ్లు దాచుకోకుండా పరుగెత్తడానికి ఉన్నది ఆ ఒక్క పీరియడే. దాన్ని లెక్కల సారుకు రాసిచ్చేశాం. ఆటలు అందరికీ ఆపామంటారు గానీ, నిజానికి ఆగినవి ఆడపిల్లలవే.

"బడి అయిపోయాక ఆడుకోమను" అనేవాళ్లకు మా రోడ్డు చూపించాలి. ఇది పులుల అభయారణ్యం అంచు. శ్రీశైలం పోయే బండ్లను రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మా ఊరి చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలు ఉన్న ఒక్క బస్సో ఆటోనో తప్పితే ఇల్లు చేరరు. సాయంత్రం ఐదు తర్వాత ప్రాక్టీసు పెడితే ఏ తల్లి ఒప్పుకుంటుంది? నేనే ఒప్పుకోను. అందుకే ఆట బడి టైములోనే ఉండాలంటున్నాను.

చట్టం మాటా చెప్పుకుందాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, గ్రంథాలయం ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళలకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలనీ అంది. మంచిదే. కానీ అడవి ఊళ్లలో వందమంది ఎక్కడి నుంచి వస్తారు? పైగా ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. పిల్లకు ఒళ్లు మారి, మనసు మారి, భయాలు మొదలయ్యేది సరిగ్గా ఆ తర్వాతే. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం చదువుకూ ఆటపాటలకూ మధ్య గోడ ఉండకూడదంది. ఆ కాగితం మా వైపు ఇంకా బస్సు ఎక్కినట్టు లేదు.

ఆటలంటే పూర్ణ పేరు చెప్తారు అందరూ. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పధ్నాలుగేళ్లు కూడా నిండలేదు. వరంగల్ జిల్లా కల్లెడ కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఇద్దరినీ చూస్తే కడుపు నిండుతుంది. అయితే నా వాదన వాళ్ల మీద నిలబెట్టను. నిలబెడితే వెంటనే "నీ బిడ్డ ఎవరెస్టు ఎక్కుతదా?" అంటారు. ఎక్కదు. ట్రిగనామెట్రీ చదివిన వాళ్లంతా ఇంజనీర్లయ్యారా మరి? దాన్ని మాత్రం ఎవరూ అడగరు.

ఖోఖో చూడండి. ఎనిమిది మంది గీత మీద ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి కూర్చుంటారు. తొమ్మిదో పిల్ల తరుముతూ వచ్చి వెనకనుంచి తట్టి ఖో అనగానే లేచి ఉరకాలి. అంతదాకా కదలకూడదు. వెనక ఏం జరుగుతోందో కనబడదు, పక్కదాని మీద నమ్మకం పెట్టి చెవులు రిక్కించి కూర్చోవాలి. ఓడిపోతే మళ్లీ ఆడాలి. ఎదురు జట్టు పిల్ల ఎవరు, ఏ తండా, ఏ పెంట అని అడిగే టైముండదు. ఇది ఏ పాఠంలో ఉంది? నాకైతే హైస్కూల్లో పద్య పఠనం పోటీలు ఉండేవి. స్టేజీ ఎక్కితే మొదట్లో కాళ్లు వణికేవి, మూడో పోటీకి వణకడం మానేశాయి. ఆనాటి మార్కుల మెమో ఎక్కడుందో వెతకాలి గానీ, మహిళా సంఘం మీటింగ్‌లో అప్పు లెక్క తేడా వస్తే లేచి అడిగే గొంతు ఆ స్టేజీ మీద వచ్చిందే. తొంభై శాతం మార్కులు తెచ్చుకుని బ్యాంకులో ఫారం కూడా అడగలేని ఆడవాళ్లను ఎంతమందిని చూడలేదు మనం!

అట్లని పట్నంలో నడిచే తంతునూ నేను మెచ్చను. సోమవారం కీబోర్డు, మంగళవారం అబాకస్, శనివారం నాట్యం, ప్రతిదానికీ ఫీజు, ప్రతిదానికీ సర్టిఫికెట్, వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో. అది ఇంకో స్పెషల్ క్లాసే. మన దగ్గర డబ్బు పెట్టి కొనాల్సినవి తక్కువ. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్యది ఈ జిల్లానే, లింగాల మండలం. మన హైస్కూలు పిల్లల్లో కిన్నెర చేత్తో తాకినవాళ్లు ఎంతమంది? బాణం వెయ్యడం తాతల నుంచి వచ్చిన చెంచు ఇళ్ల పిల్లలు మన పక్కనే చదువుతున్నారు. వాళ్లలో ఒక్కరిని నిలబెట్టి మిగతావాళ్లకు నేర్పించమంటే, క్లాసులో తల ఎత్తని ఆ పిల్ల ఆరోజు గురువు అవుతుంది.

"ఆట అన్నం పెడ్తదా?" అంటారు. పెట్టకపోవచ్చు. నేను వండుతున్నాను కదా, తిన్న అన్నం ఒంటికి పట్టాలంటే ఒళ్లు కదలాలి. పన్నెండు గంటలు బెంచీ మీద కూర్చున్న పిల్ల రాత్రి కంచం ముందు కునుకుతుంది. ఆ తలలోకి ఏ లెక్క ఎక్కుతుంది?

వచ్చే మీటింగ్‌లో మళ్లీ లేస్తాను. తొమ్మిది, పది తరగతులకు వారానికి రెండు పీరియడ్లు, పరీక్షల ముందు దాకా ఎవరూ ముట్టకూడదు. గ్రౌండ్‌కు దగ్గర్లో ఆడపిల్లల బాత్రూంకు తలుపు, నీళ్లు. ఆఫీసు రూములో ప్యాడ్ల డబ్బా, అడగడానికి ఒక టీచరమ్మ. ఖోఖో స్తంభాలకు సుమారు నాలుగడుగుల కట్టెలు రెండు చాలు, మా వడ్లాయనకు చెప్పి పెట్టాను. ముగ్గుపిండి నా దగ్గర ఉంది. ఈసారి నా పక్కన ఇంకో ముగ్గురు తల్లులు లేస్తే చాలు చెల్లీ, సారు నవ్వరు.