పిచికారీకి ఫొటో ఉండదు

ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కులు పంచే రోజు ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ లాంటి మండల కేంద్రంలో సందడి ఎట్లుంటుందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ముందు వరుస కుర్చీలు లీడర్లకు, వెనక వరుసలు పేషెంట్ల ఇంటివాళ్లకు. పేరు పిలవగానే ఒకామె కొంగు సర్దుకుని వేదిక దగ్గరికి వస్తుంది. ఎమ్మెల్యే చెక్కుకు ఒక కొస పట్టుకుంటాడు, ఆమె రెండో కొస పట్టుకుంటుంది. ఫొటో పడేదాకా ఇద్దరూ వదలరు. ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తోంది. చెక్కు మీద ఉన్నది బిల్లులో ఓ వంతే. అయినా ఆమె దండం పెడుతుంది. సిఫారసు కాగితం మీద ఆయన సంతకం లేకపోతే ఆ దరఖాస్తు కదిలేది కాదని ఆమెకు తెలుసు.

ఆ దండంలో ఒక ఓటు ఉంది. వైద్య విధానం మీద మన ఎమ్మెల్యేకున్న ఆసక్తిని అర్థం చేసుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అమెరికాలో ఈ లెక్క వేరు. 2010 మార్చిలో ఒబామా ఆరోగ్య బీమా చట్టం అక్కడి ప్రతినిధుల సభలో 219-212తో గట్టెక్కింది. ఔనంటే తమ సీటు పోతుందని తెలిసీ ఔనన్నవాళ్లున్నారు, సొంత పార్టీ బిల్లే అయినా సీటు కోసం కాదన్నవాళ్లూ ఉన్నారు. ఆ నవంబర్‌లో డెమొక్రాట్లు 63 స్థానాలు పోగొట్టుకున్నారు. మన దగ్గర, ఇచ్చోడ ఉన్న బోథ్ నియోజకవర్గ ఎమ్మెల్యేకు అంత కష్టం రాదు. 1985 నాటి పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం పుణ్యమా అని సభలో ఆయన చేయి విప్ ఎత్తమన్నప్పుడు లేస్తుంది, దించమన్నప్పుడు దిగుతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి ఎంతుండాలో, మెడికల్ కాలేజీ ఏ జిల్లాకు పోవాలో తేల్చేది హైదరాబాద్‌లో.

పైగా ఆయన భయం ఓటరు దగ్గర ఆగదు, టికెట్ దాకా పోతుంది. 2023 ఆగస్టు 21న బీఆర్‌ఎస్ 115 మంది పేర్లు ప్రకటించినప్పుడు ఏడు చోట్ల సిట్టింగులను మార్చింది. ఆ ఏడింటిలో మూడు పాత ఆదిలాబాద్ జిల్లావే: బోథ్, ఖానాపూర్, ఆసిఫాబాద్. మూడూ గిరిజనులకు రిజర్వ్ అయినవే. ఆ జాబితా మీద ఊరూరా నడిచిన చర్చలో ‘మావోడు దవాఖాన సంగతి పట్టించుకోలేదు, అందుకే పోయింది’ అన్న మాట నా చెవిన పడలేదు. ఓటూ టికెట్టూ రెండూ దవాఖాన మీద ఆధారపడనప్పుడు ఎమ్మెల్యే చేతిలో మిగిలేది సంతకమే. సహాయ నిధికి సిఫారసు, నిమ్స్‌కు ఎల్‌ఓసీ (ఖర్చు హామీ పత్రం), ‘అన్నా, జర బెడ్ ఇప్పియ్యి’ అన్న ఫోనుకు సూపరింటెండెంట్‌కు ఒక కాల్. హక్కుగా అందాల్సిన వైద్యం ఆయన దయగా అందితేనే ఆయనకు లాభం. ఆదిలాబాద్ రిమ్స్‌లో అన్ని విభాగాల్లో డాక్టర్లుండి, వైద్యం దానంతటదే నడిస్తే ఆయన ఇంటి ముందు పొద్దున్నే నిలబడేవాళ్లు తగ్గుతారు.

పైస్థాయిలో ఇదే లెక్క క్యాలెండర్‌లో కనిపిస్తుంది. కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ మొదటి విడత 2018 ఆగస్టు 15న మొదలైంది, మూడు వారాలకు అసెంబ్లీ రద్దయింది. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది, ఎన్నికలు ఆ నవంబర్‌లో. మధ్యలో కరోనా వచ్చిన మాట నిజమే. కానీ చత్వారం ఐదేళ్లకోసారి రాదు కదా! 2023 సెప్టెంబర్ 15న, పోలింగ్‌కు రెండున్నర నెలల ముందు, అప్పటి ముఖ్యమంత్రి ఒక్కరోజే తొమ్మిది మెడికల్ కాలేజీలు ప్రారంభించారు. వాటిలో నిర్మల్, ఆసిఫాబాద్ మనవే. కాంగ్రెస్ గెలిచి డిసెంబర్ 9న ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలు చేసింది. ఢిల్లీ కూడా ఇందుకు మినహాయింపు కాదు. సికిల్ సెల్ రక్తహీనతను 2047 నాటికి రూపుమాపుతామన్న మిషన్‌ను ప్రధాని 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించారు. అప్పటికి గడువు దాదాపు పాతికేళ్ల దూరంలో ఉంది, ఆ రాష్ట్ర ఎన్నికలు మాత్రం నాలుగు నెలల దూరంలో.

ఇదంతా చెడే అనను. ఓటు భయం లేకపోతే పేదవాడి గుండె ఆపరేషన్ సర్కారుకు గుర్తొచ్చేదా? 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళంలో మొదలైన ఆరోగ్యశ్రీని 2009 ఎన్నికల నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ చేర్చింది ఆ తొందరే. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరూ 108ని గానీ ఆరోగ్యశ్రీని గానీ ఆపే సాహసం చేయలేదు. ఆంధ్రలో గెలిచినవాళ్లను బట్టి బోర్డు మీద వైఎస్సార్, ఎన్టీఆర్ మారుతుంటారు, బోర్డు కింద పథకం నడుస్తూనే ఉంటుంది. థాయ్‌లాండ్‌లో 2001 ఎన్నికల్లో థాక్సిన్ అనే నాయకుడు ‘30 బాట్లకే వైద్యం’ అని హామీ ఇచ్చి గెలిచాడు. కాకపోతే అక్కడ ఆ పథకం డబ్బు జనాభా లెక్కన జిల్లా స్థాయి దవాఖానల దాకా చేరింది. మన దగ్గర ఆరోగ్యశ్రీ డబ్బు ఎక్కువగా పట్నంలోని కార్పొరేట్ ఆస్పత్రి బిల్లుకు చేరింది.

పది లక్షలు అన్న అంకె ఫ్లెక్సీ మీద పెద్దగా కనబడుతుంది. ప్రకటించిన రోజు దానికయ్యే ఖర్చు సున్నా. బిల్లులు తర్వాత వస్తాయి. 2019 ఆగస్టులోనూ, 2025 సెప్టెంబర్‌లోనూ బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపినప్పుడు కార్డు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ అంకెతో పనేముంది? రాష్ట్రాలు బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. ఎన్నికల ఏడాదైన 2023-24లో తెలంగాణ పెట్టింది 2.90 లక్షల కోట్లలో 12,161 కోట్లు. అంటే నాలుగు శాతం చిల్లర.

మన ఏజెన్సీ జబ్బులకు ఈ ఎన్నికల క్యాలెండర్‌తో పొత్తు కుదరదు. వానలకు ముందు గూడేల్లో ఇంటింటా గోడలకు దోమల మందు కొట్టాలి. కొడితే జ్వరం రాదు. రాని జ్వరాన్ని ఎవరికి చూపించి ఓటడుగుతారు? అమెరికాలో హీలీ, మల్హోత్రా అనే ఇద్దరు పరిశోధకులు 2009లో విపత్తుల ఖర్చు మీద ఇదే తేల్చారు. వరద వచ్చాక సాయం చేసిన పార్టీకి ఓటర్లు ఓట్లేస్తున్నారు, నష్టం రాకుండా ముందే ఖర్చు పెట్టిన పార్టీని పట్టించుకోవడం లేదు. కాబట్టి తప్పంతా నాయకుడి మీదికి తోసేయలేం. అడగనిది మనమే.

రక్తహీనత సంగతీ అంతే. ఏఎన్‌ఎం నెలనెలా వేలు గుచ్చి రక్తం చూడటం, ఇచ్చిన ఐరన్ గోళీ నిజంగా మింగిందా లేదా కనుక్కోవడం, ఏడో నెలలో హిమోగ్లోబిన్ (హెచ్‌బీ) తొమ్మిదికి పడిపోతే వాగు దాటి మళ్లీ ఆ ఇంటికి పోవడం. ఇది రిజిస్టర్లో గీతలుగానే మిగిలే పని. 2022 డిసెంబర్‌లో కామారెడ్డిలో మొదలుపెట్టి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ సహా తొమ్మిది జిల్లాల్లో ఇచ్చిన కేసీఆర్ న్యూట్రిషన్ కిట్ మంచి ఆలోచనే. కానీ గర్భిణి రక్తహీనత రాజకీయాల్లోకి రావాలంటే దానికి ముందు ఒక సంచీ, సంచీ మీద ఒక పేరు కావాల్సి వచ్చింది.

కట్టడాలకు ఈ ఇబ్బంది లేదు. ఆదిలాబాద్ రిమ్స్‌లో 150 కోట్ల సూపర్ స్పెషాలిటీ భవనాన్ని 2022 మార్చిలో ప్రారంభించారు. రిబ్బన్ కత్తిరించినంత వేగంగా స్పెషలిస్టులు రాలేదు. గుండెకో మెదడుకో కష్టమొస్తే 44వ నంబరు హైవే మీద హైదరాబాద్‌కో నాగపూర్‌కో అంబులెన్సు ఎక్కించడం మానలేదు. పాత జిల్లా నాలుగుగా విడిపోతే ఇప్పుడు నాలుగింటిలోనూ మెడికల్ కాలేజీలున్నాయి, సంతోషం. కానీ 2025లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రంలోని చాలా సర్కారు కాలేజీలకు బోధనా సిబ్బంది చాలరని నోటీసులిచ్చింది. ప్రొఫెసర్ పోస్టు భర్తీకి శిలాఫలకం వేయరు మరి.

నా సూచన చిన్నది. ఏటా మే నెలలో, వానలు రాకముందే, ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి మూడు లెక్కలు పైకి చదవాలి: మండలంలో ఖాళీగా ఉన్న వైద్య సిబ్బంది పోస్టులెన్ని, ఈసారి మందు కొట్టిన ఇళ్లెన్ని, హెచ్‌బీ పదికి లోపున్న గర్భిణులెందరు. పేర్లొద్దు, అంకెలు చాలు. ఆ కాగితం మీద కింద ఎమ్మెల్యే సంతకం ఉండాలి, సంతకాలు ఆయనకు అలవాటే. చదవాల్సింది డాక్టరు. డాక్టరు పోస్టే ఖాళీగా ఉంటే ఏఎన్‌ఎం చదవొచ్చు, ఆమె పోస్టూ ఖాళీ అయితే సర్పంచ్ చదవాలి.