గోల్ పోస్టులు పీకిన వాడి మాట

"సావనీరుకి ఏదైనా రాయండి మాష్టారూ, ఆటల మీదైతే మరీ మంచిది" అన్నారు మన విద్యార్థి సంఘం కుర్రాళ్లు. ఆటల మీద రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఒకప్పుడు ఒక ఫుట్‌బాల్ పోటీని చెడగొట్టిన వారిలో నేనూ ఒకణ్ణి.

మాది ఉప్పాడ. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని జాందానీ నేసే ఇంట పుట్టాను. నాన్న కన్నుగప్పి ఒడ్డుకి పారిపోతే, వలలు ఆరేసే కుర్రాళ్లతో ఇసకలో బంతాట. రెండు తెడ్లు పాతితే గోలు. ఆ ఇసక ఇప్పుడు లేదు, మేం ఆడిన చోటుని సముద్రం తినేసింది. ప్రతి తుపానుకీ ఉప్పాడ కోత ఫోటో పేపర్లో పడుతూనే ఉంటుంది కనుక ఆ సంగతి పెంచను.

అసలు విషయం ఏమంటే, 2024 అక్టోబరులో కలకత్తా మోహన్ బగాన్ జట్టు ఆసియా క్లబ్బుల పోటీలో ట్రాక్టర్ జట్టుతో ఆడటానికి ఇరాన్‌లోని తబ్రీజ్ వెళ్లవలసి ఉంది. ఆట 2వ తేదీన. ముందు రోజే ఇరాన్ ఇజ్రాయెల్ మీద క్షిపణులు వేసింది. జట్టు వెళ్లలేదు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య వారు "మీరే తప్పుకున్నట్టు" అని తేల్చేసి, అంతకుముందు తజకిస్తాన్ జట్టు రవ్‌షాన్‌తో ఆడి డ్రా చేసుకున్న ఆటని కూడా లెక్కలోంచి కొట్టేశారు. మా మేనల్లుడి కొడుకు ఉప్పాడ టీకొట్టు దగ్గర "పిరికివాళ్లు తాతయ్యా!" అని ఎగిరాడు. "ఒరే, నువ్వైతే వెళ్తావా?" అంటే "ఆయ్, ఎందుకెళ్లనండీ!" అన్నాడు. వాడి అమ్మ వెంటనే "వెళ్తావు, వెళ్తావు" అంది. ఆ మాటలోనే జవాబుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. గొడవ ఆటగాళ్లు తెచ్చినది కాదు, దాని జరిమానా వాళ్ల నెత్తిన వేయకూడదు. ఆటని వేరేచోటికి మార్చే దారి ఉండగా దండన ఎందుకు? 2019 సంగతి చూడండి. చిలీ రాజధాని శాంటియాగోలో మెట్రో టికెట్టు 30 పెసోలు పెంచారని మొదట స్కూలు పిల్లలే గేట్లు దూకి తిరగబడ్డారు. అక్టోబరు 18 నాటికి ఊరు ఊరంతా రగిలింది. దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు, కోపా లిబర్టడోరెస్ ఫైనలు నవంబరు 23న అక్కడే జరగాలి. నిర్వాహకులు నవంబరు మొదట్లోనే దాన్ని పెరూలోని లిమాకి మార్చేశారు. ఫ్లమెంగో జట్టు చివరి నిమిషాల్లో రెండు గోళ్లు కొట్టి రివర్ ప్లేట్ మీద 2-1తో నెగ్గింది. ఆడవలసిన వాళ్లు ఆడారు. పైగా శాంటియాగోలో ఆ ఆట జరగవలసిన స్టేడియం సామాన్యమైనది కాదు. 1973లో సైన్యం అధికారం లాక్కున్నాక వేలమందిని నిర్బంధించింది అందులోనే. అక్కడ ఆడం అని సోవియట్ జట్టు రాకపోతే, చిలీ వాళ్లు ఎదుట ఎవరూ లేకుండానే ఖాళీ గోలులోకి బంతి తన్నారు. ఆ గోలుని గోలంటారా?

మరి అతిథి మీద కోపం తీర్చుకుంటే ఎలా ఉంటుందో మన తెలుగునేల వారికి బాగా తెలియాలి. హైదరాబాదు రహీం సాబ్ అంటే నేటి విద్యార్థుల్లో ఎందరికి గుర్తు? బడిపంతులు. ఆయన తర్ఫీదిచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు తెచ్చింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌కి మన దేశపు జట్టుని తీసుకెళ్లింది ఆయనే. సికిందరాబాదు బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ అందులో ఉన్నారు. ఇజ్రాయెల్‌కీ తైవాన్‌కీ ఇండొనీషియా వీసాలు ఇవ్వకపోతే, మన జి.డి. సోంధీ "వీటిని ఏషియన్ గేమ్స్ అనకూడదు" అన్నారు. మాట సోంధీది, తిట్లు ఆటగాళ్లవి. సెప్టెంబరు 3న జనం మన రాయబార కార్యాలయం మీద పడ్డారు. మర్నాడు ఫైనల్లో స్టేడియం యావత్తూ మనవాళ్లని గేలిచేసింది. తలకి కుట్లున్న జర్నైల్ సింగ్‌ని రహీం ముందు వరసలో ఆడించారు. అతనొక గోలు, పి.కె. బెనర్జీ ఒక గోలు. దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే కేన్సరుతో ఉన్న రహీం 1963 జూన్ 11న పోయారు.

ఇది చదువుకుని నేను గర్వపడవచ్చు. కానీ 1972లో నేను ఉన్నది ఆ జనం వైపు.

ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు అక్టోబరులో వచ్చింది. నవంబరుకి జై ఆంధ్ర ఊరూరా పాకింది. అప్పటికే పెట్టుకున్న ఒక కాలేజీల పోటీకి హైదరాబాదు నుంచి ఒక జట్టు వచ్చి కూర్చుంది. వాళ్ల గోల్‌కీపరు ముందురోజు రాత్రి మెస్సులో నా పక్కన కూచుని మా చేపల పులుసు తిని, కారానికి కళ్లు తుడుచుకుంటూ మళ్లీ వడ్డించమన్నాడు. తెల్లారి మేం గోల్ పోస్టులు పీకి రోడ్డుకి అడ్డంపెట్టాం. హాస్టలు గేటు ముందు "గో బ్యాక్" అని అరిచాం. కిటికీలోంచి అతను చూశాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు, అలవాటుకొద్దీ. నేను ఇంకా గట్టిగా అరిచాను.

ఉద్యమం తప్పని నేననను. మా కోపానికి కారణాలున్నాయి, వాళ్ల వాదనకీ ఉన్నాయి, 1969లో వాళ్లూ చదువులు పోగొట్టుకున్నారు. 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చింది, పెద్దలు సెప్టెంబరులో ఆరు సూత్రాల మీద సంతకాలు చేశారు. ఆ కుర్రాళ్లకి మాత్రం ఆడని సెమీఫైనలు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. రోడ్డు మీద గోల్ పోస్టులు కాకపోతే మరోటి పెట్టొచ్చుగా? చెట్టు కొమ్మలు లేవా?

అంచేత సంఘం వారికి నా సూచన ఒకటి. వచ్చే ఏడు వార్షికోత్సవానికి హైదరాబాదు నుంచి ఏదో ఒక కాలేజీ జట్టుని పిలవండి. రైలు ఖర్చులో నా వంతు కోశాధికారి గారికి పంపుతున్నాను. భోజనం ఉప్పాడ నుంచి నేనే తెస్తాను. కారం కొంచెం తగ్గించమని మా ఇంట్లో చెప్పాను.