సరిపోయిన లెక్కనే అనుమానించాలి

స్నాతకోత్సవాల రోజుల్లో విశ్వవిద్యాలయాల కామర్స్ విభాగాల నుంచి పత్రికా కార్యాలయాలకు వచ్చే ప్రకటనలు దాదాపు ఒకే మాదిరిగా ఉంటాయి. ఫలానా విద్యార్థినికి బంగారు పతకం, ఇంతమందికి ప్రాంగణ నియామకాలు, ఒక సంస్థతో అవగాహన ఒప్పందం, రెండు రోజుల జాతీయ సదస్సు. పతకం తెచ్చుకున్న అమ్మాయినీ, ఉద్యోగం సంపాదించిన అబ్బాయినీ మనసారా అభినందించాల్సిందే. ఇంట్లో తొలిసారి కాలేజీ మెట్టెక్కినవాళ్లు వీరిలో ఎందరో ఉంటారు. ఆ జీతంతోనే చెల్లి చదువు సాగాలి, ఇంటి అప్పు తీరాలి. అయితే అవి ఆ పిల్లల విజయాలు. మరి విభాగం సాధించిందేమిటి? లెక్కలు బోధించే విభాగం నుంచి సమాజం అడగాల్సింది ఒకటుంది: అబద్ధపు లెక్కను గుర్తుపట్టగల మనుషులను తయారుచేయడం. మన విభాగాల విజయాల జాబితాల్లో ఆ పద్దు కనిపించడం లేదు.

ఆ పని జరిగిన చోటు ఎలా ఉంటుందో చెప్పడానికి అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. ఇండియానా విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ ఆచార్యుడైన మెస్సోద్ బెనిష్, కంపెనీలు లాభాలను పెంచి చూపుతున్నాయేమో పసిగట్టేందుకు ఒక కొలమానం రూపొందించారు. అందులో వాడేవి ఎనిమిది నిష్పత్తులే. అమ్మకాల కంటే వేగంగా రావలసిన బాకీలు పెరుగుతున్నాయా? లాభం కనిపిస్తున్నా చేతికి నగదు రావడం లేదా? తరుగుదల హఠాత్తుగా తగ్గిందా? ఇలాంటి ప్రశ్నలనే ఆయన సూత్రంగా మార్చారు. 1999లో అది పరిశోధన పత్రికలో అచ్చయింది. దానికి ముందే, 1998లో, కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు తరగతి పనిలో భాగంగా ఈ కొలమానాన్ని ఎన్రాన్ కంపెనీ లెక్కల మీద ప్రయోగించారు. లెక్కలు దిద్ది ఉండవచ్చని అనుమానించి, ఆ షేర్లు అమ్మేయమని సూచించారు. అప్పుడు షేరు ధర 48 డాలర్ల దరిదాపుల్లో ఉంది. 2000 ఆగస్టులో అది 90 డాలర్లు తాకింది. పిల్లల రాతను లోకం పట్టించుకోలేదు. 2001 డిసెంబరు 2న ఎన్రాన్ దివాలా పిటిషన్ వేసింది. దాని లెక్కలకు ఏటా సంతకం పెట్టిన ఆర్థర్ ఆండర్సన్ మరుసటి ఏడాదే కుప్పకూలింది. పేరుమోసిన విశ్లేషకులు చూడనిది విద్యార్థులకు ఎలా కనిపించింది? ఆ కంపెనీతో వాళ్లకు ఫీజుల బంధం లేదు. అనుమానించడమే వాళ్లకు ఇచ్చిన పాఠం. అంతకు మించిన రహస్యం లేదు.

ఇక మన సంగతికొద్దాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఆ ఉత్తరం ఒప్పుకుంది. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి 649 కోట్ల నిర్వహణ లాభం చూపితే, అసలు వచ్చింది 61 కోట్లే. ఆ ఉత్తరానికి కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ పురస్కారం దక్కింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. ఇదంతా మన నగరంలో, మన విశ్వవిద్యాలయాల కూతవేటు దూరంలో జరిగింది. కంపెనీ వార్షిక నివేదికలు ఎవరైనా చదవగలిగేవే. అయినా మోసం బయటపడింది చేసిన మనిషే ఉత్తరం రాసుకున్నాక.

మోసం సాగిన ఏళ్లన్నింటిలో సత్యం ఆస్తి అప్పుల పట్టీ పైసా తేడా లేకుండా సరిపోయింది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మన తరగతి గదుల్లో ఏం నేర్పుతున్నాం? చిట్టా రాయి, ఆవర్జాలోకి ఎక్కించు, అంకణా సరిపోయిందా చూడు, ముగింపు లెక్కలు తయారుచెయ్యి. రెండు వైపుల మొత్తాలూ ఒకటైతే కింద రెండు గీతలు గీసి విద్యార్థి ఊపిరి పీల్చుకుంటాడు, పూర్తి మార్కులు పడతాయి. మూడేళ్ల బీకాంలో, ఆపై రెండేళ్ల ఎంకాంలో ఆ పిల్లవాడికి స్థిరపడే నమ్మకం ఒకటే: సరిపోయిన లెక్క నిజమైన లెక్క. జంటపద్దు విధానం గొప్పదే, దాన్ని క్షుణ్ణంగా నేర్చుకోవాల్సిందే. కానీ డెబిట్‌కు సరిపడా క్రెడిట్ రాయడం మోసగాడికీ తెలుసు. లేని డబ్బును బ్యాంకు నిల్వగా, లేని అమ్మకాన్ని ఆదాయంగా రాస్తే అంకణా చక్కగా సరిపోతుంది. కాకిలెక్కలు కూడా సరిపోయే లెక్కలేనని మొదటి ఏడాదిలోనే పిల్లలకు చెప్పాలి.

సత్యంలో దొంగ చిక్కకపోవడానికి కారణం క్లిష్టమైన సూత్రమేదో తెలియకపోవడం కాదు. బ్యాంకు నిల్వలున్నాయో లేదో కంపెనీ చేతుల మీదుగా కాక, ఆడిటరే నేరుగా బ్యాంకును అడిగి తెప్పించుకోవాలన్నది ఆడిటింగ్ పుస్తకాల్లో ఉండే ప్రాథమిక పాఠం. సత్యం ఆడిట్‌లో ఆ ధ్రువీకరణల మీద ఆడిటర్లకు అదుపే లేకపోయిందని అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చాయి. 2011లో ఆ ఆడిట్‌తో సంబంధమున్న ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలు అక్కడ మొత్తం 75 లక్షల డాలర్ల జరిమానా కట్టాయి. మన విద్యార్థులు అదే పాఠాన్ని అయిదు మార్కుల ప్రశ్నగా బట్టీ పడుతున్నారు. ఒక్క నిజమైన ధ్రువీకరణ పత్రాన్ని చేత్తో పట్టుకోకుండానే పట్టా తీసుకుని వెళ్లిపోతున్నారు.

ఇలా లెక్కలను నిలదీయడం తెలుగు నేలకు చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పాటైంది. కూలీల ఇళ్ల నుంచి వచ్చిన యువతీ యువకులు కొద్దిరోజుల శిక్షణతో మస్టర్లు చదివారు. గడపగడపకూ వెళ్లి ‘ఈ రోజు నువ్వు పనికి వెళ్లావా, అమ్మా? డబ్బు అందిందా?’ అని అడిగారు. చెరువు పూడిక తీసిన చోట టేపు పట్టుకుని కొలిచారు. ప్రజావేదికలో ఊరందరి ముందూ చదివి వినిపించారు. పనికి రాని వాళ్ల పేర్లూ, తవ్వని గుంతలూ బయటపడ్డాయి. దారిమళ్లిన సొమ్ములో కొంత వెనక్కి వచ్చింది. దేశమంతా ఈ పద్ధతి వైపు చూసింది. అంతకు మించిన ఆడిటింగ్ ప్రయోగశాల ఏ విశ్వవిద్యాలయానికి దొరుకుతుంది? ప్రతి కామర్స్ విభాగమూ తన విద్యార్థులను ఒక సెమిస్టర్ ఆ ఊళ్లకు పంపి ఉండాల్సింది.

సామాన్యుడి దృష్టితో చూస్తే ఇలాంటి చదువు మరీ అవసరం. డిపాజిట్లు తిరిగి చెల్లించకుండా చేతులెత్తేసిన అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టిన లక్షలాది మంది రోజుకూలీలు, చిరు వ్యాపారులు, ఒంటరి ఆడవాళ్లు షేర్ మార్కెట్ చదవలేదు. వాళ్లు నమ్మింది ఊళ్లో తెలిసిన ఏజెంటు ముఖాన్ని. అలాంటి కంపెనీ లెక్కలను ఎవరో ఒకరు ముందే తిరగేసి, ‘ఇంత రాబడి ఎక్కణ్నుంచి వస్తుంది?’ అని తెలుగులో, నలుగురికీ అర్థమయ్యేలా అడిగి ఉంటే కొన్ని కుటుంబాలైనా నిలబడేవి. ప్రజల పన్నులతో నడిచే విశ్వవిద్యాలయం కాక ఆ ప్రశ్న ఇంకెవరు అడగాలి?

లెక్కలు తేల్చడం చార్టర్డ్ అకౌంటెంట్ల పని, పిల్లలు వేలెత్తి చూపితే పరువునష్టం దావాలు పడతాయి అనే అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. కానీ విద్యార్థి ఇచ్చేది తీర్పు కాదు, ప్రశ్న మాత్రమే. బెనిష్ కొలమానం కూడా ఏ కంపెనీనీ దొంగ అనదు, ఇక్కడ మళ్లీ చూడండి అంటుంది. చదివేవి కూడా రహస్య పత్రాలు కావు. లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలు, శాసనసభ ముందుకు వచ్చే కాగ్ నివేదికలు, 2018లో ఏర్పడిన జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ ఆడిటర్ల తప్పులను విడమరిచి వెలువరించే ఉత్తర్వులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. పాఠ్యపుస్తకంలోని కల్పిత వ్యాపారి లెక్కకు బదులు వీటిలో ఒకదాన్ని పరీక్షలో ఇవ్వవచ్చు.

దీనికి అధ్యాపకులు కావాలన్నది నిజం. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ శాశ్వత పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని కాంట్రాక్టు అధ్యాపకుడిని ఒక పెద్ద కంపెనీ లెక్కను తరగతిలో ప్రశ్నించమనడం అన్యాయం. ప్రభుత్వాలు ఆ పోస్టులు నింపి తీరాలి. అనుమానించే స్వేచ్ఛ ఉన్నవాడే అనుమానించడం నేర్పగలడు.

అయితే నియామకాలయ్యేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. కామర్స్ విభాగాధిపతులకు మా విజ్ఞప్తి: ఈ విద్యా సంవత్సరం మీ ఎంకాం విద్యార్థుల చేతికి మీ విశ్వవిద్యాలయం సొంత వార్షిక లెక్కలు, వాటిపై వచ్చిన ఆడిట్ అభ్యంతరాలు ఇవ్వండి. వాళ్లు ఏం కనుగొన్నారో సులువైన తెలుగులో రాయించి విభాగం గోడ మీద అతికించండి. వచ్చే స్నాతకోత్సవానికి మీరు పంపే ప్రకటనలో ఆ సంగతి మొదటి వాక్యమైతే, మేం దాన్ని మొదటి పేజీలో వేస్తాం.