'దివ్యసముఖమునకు' అని రాయకపోతే అర్జీ కాదా?

సోమవారం అర్జీల రోజు. సత్తెనపల్లిలో ఒక ఆఫీసు ముందు ఈ మధ్య చూసిన సంగతి ఇది. మిరప కోతలకు పోయే ఒకామె, ఆగిపోయిన తన వితంతు పెన్షన్ గురించి కూతురి చేత నోటుబుక్కు కాగితం మీద నాలుగు ముక్కలు రాయించుకొచ్చింది. "ఇదేం అర్జీ? మహారాజశ్రీ లేదు, దివ్యసముఖమునకు లేదు. సరిగ్గా రాయించుకుని రామ్మా" అని తిప్పి పంపారు. ఆ రోజు కూలి పోయింది. పని కాలేదు.

అర్జీకి పద్ధతే వద్దని మనం అనడం లేదు. తేదీ, పేరు, ఊరు, ఏం జరిగింది, ఏం కావాలి అన్నవి స్పష్టంగా ఉంటే చదివేవారికి సులువు. ఒక కాగితంలో ఒకే విషయం ఉంటే అది చేరవలసిన చోటికి చేరుతుంది. ఈ పద్ధతి మన మేలుకే. కానీ 'మహారాజశ్రీ', 'దివ్యసముఖము' ఎవరి మేలుకు? అవి రాజుల, జమీందార్ల నాటి మర్యాదలు. ప్రజల డబ్బుతో జీతం తీసుకునే ఉద్యోగికి ఒక పౌరురాలు రాసే కాగితంలో వాటికి చోటెందుకు?

చట్టం ఈ దండాలేవీ అడగలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ ప్రకారం తెలుగులోనే అడగవచ్చు. ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కరలేదు. రాయలేనివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారే సాయపడాలి. కేసు నమోదు చేయవలసిన నేరం గురించి నోటితో చెప్పినా, పోలీసులే రాసుకుని, చదివి వినిపించి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. బొంబాయి లాకప్పుల్లో స్త్రీలపై సాగిన హింస గురించి పత్రికా రచయిత్రి షీలా బార్సే రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. స్త్రీలను వేరే లాకప్పుల్లో, మహిళా కానిస్టేబుళ్ల కాపలాలో ఉంచాలని 1983లో ఆదేశించింది. అంత పెద్ద కోర్టుకు ఉత్తరం చాలినప్పుడు మండల ఆఫీసుకు నోటుబుక్కు కాగితం చాలదా?

మనల్ని మనమూ ప్రశ్నించుకోవాలి. మన సంఘం మీటింగుల్లో కూడా మాట తడబడిన కూలి స్త్రీని "అసలు విషయం చెప్పు" అని కసిరి కూర్చోబెట్టిన సందర్భాలు లేవా? చదువుకున్నవాళ్లం మనం చేయవలసింది ఆమెను సరిదిద్దడం కాదు. పక్కన కూర్చుని, ఆమె మాటల్లోనే రాసి, చదివి వినిపించి, ఆఫీసులో రసీదు తీసుకునేదాకా తోడుండాలి.

అడగడం మన హక్కు. దండం పెట్టి అడగాలన్న నియమం ఎక్కడా లేదు.