రేస్ సీన్లో స్పీడ్ ఎక్కడుంటుంది?

హాస్టల్లో ఏ రేస్ సినిమా చూసినా చివర్లో ఒకటే చర్చ: "నిజంగా తోలారా, గ్రాఫిక్సా?" నా మటుకు నాకు ఆ ప్రశ్నతో పెద్దగా పని లేదనిపిస్తుంది. నిజంగా రెండొందల స్పీడులో పోయిన కారు కూడా తెర మీద ఎడ్లబండిలా కనిపించొచ్చు.

లెక్క చూడండి. గంటకు 200 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 55 మీటర్లు. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. అంటే ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి కారు రెండు మీటర్ల పైనే జరిగిపోతుంది. కానీ మన కన్ను మీటర్లు కొలవదు, కోణం ఎంత త్వరగా మారిందో చూస్తుంది. వేగాన్ని దూరంతో భాగించడమే (ఫస్టియర్ ఫిజిక్సే, భయపడకండి). 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగినప్పుడు కంచె దగ్గర నిలబడ్డవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కారు వచ్చిందనుకునేలోపే వెళ్లిపోతుంది. అదే కారుని ఎత్తు మీంచి చూపిస్తే తాపీగా షికారు చేస్తున్నట్టుంటుంది. అందుకే కెమెరాని రోడ్డుకి జానెడు ఎత్తులో కట్టి, వైడ్ లెన్స్ పెట్టి, పక్కనే గోడో కంచో పరుగెత్తేలా చూసుకుంటారు.

1966లో 'గ్రాండ్ ప్రి' తీసిన జాన్ ఫ్రాంకెన్‌హైమర్, 70 ఎంఎం సినిమాకి వాడే బరువైన కెమెరాల్ని రేసు కార్లకే బిగించాడు. 'లె మాన్స్' కోసం స్టీవ్ మెక్‌క్వీన్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, 1970 నాటి అసలు 24 గంటల రేసులోనే ఒక పోర్షే 908ని కెమెరాలతో దించింది. రీళ్లు మార్చడానికి అది మాటిమాటికీ ఆగాల్సొచ్చేది! కానీ అదే సినిమా షూటింగులో పోర్షే 917 నడుపుతూ ప్రమాదానికి గురై, డేవిడ్ పైపర్ అనే రేసర్ ఒక కాలు మోకాలి కింద పోగొట్టుకున్నాడు. అది తెలిశాక ఆ సినిమాని నేను మునుపటిలా చూడలేకపోతున్నా. ఏ షాటూ ఒక కాలంత విలువైంది కాదు.

అలాగని మొత్తం కంప్యూటర్లో చేసేయమనట్లేదు. మన సినిమాల్లో గ్రాఫిక్స్ కారు తేలిపోవడానికి కారణం దానికి బరువు లేకపోవడం. బ్రేకేస్తే ముక్కు కిందికి వంగాలి, మలుపులో ఒళ్లు ఒరగాలి, హీరో మెడ పక్కకి లాగాలి. ఇవి నిజంగా జరగాలంటే హీరో ప్రాణాలకి తెగించక్కర్లేదు. పాడ్ కారు అని ఒకటుంది. కారు టాపు మీద ఇనప చట్రంలో స్టంట్ డ్రైవర్ కూర్చుని నడుపుతాడు, లోపల నటుడి చేతిలో ఉత్తుత్తి స్టీరింగ్. 2017 'బేబీ డ్రైవర్' ఛేజుల్లో ఇదే వాడారు. లోపల ఆ ముఖంలో కనిపించే కుదుపు మాత్రం అసలుదే. నాకు తెలిసి ఇంతకన్నా తెలివైన ఇంజినీరింగ్ సినిమాల్లో తక్కువ.

ఆ టాపు మీద కూర్చున్నాయన పేరు ఎండ్ టైటిల్స్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో వస్తుంది. అప్పటికి మనవాళ్లు పార్కింగ్‌లో బైకులు స్టార్ట్ చేసేసుంటారు.