నూటికి ఎంత అని కాదు, దేనిలో నూటికి అని అడగండి

బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలున్న ఇళ్లలో ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న మాట ‘ట్రిక్’. శాతాలకి ఒక ట్రిక్, లాభనష్టాలకి ఇంకో ట్రిక్, వడ్డీకి మరొకటి. ఫోన్ తెరిస్తే వీడియోలు, కోచింగ్‌కి వెళ్తే సూత్రాల జాబితాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ట్రిక్కులతో మొదలుపెట్టడం వల్ల పిల్లలకి మేలు కంటే కీడే ఎక్కువ. శాతాల లెక్కలకి ముందుగా కావలసింది మనందరం బళ్లో చదువుకున్న ‘ఎక్స్ అనుకుందాం’ పద్ధతే. బి.ఏ. తెలుగు చదివి ఇంట్లో ఉన్నావిడకి లెక్కల గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చు. శాతాల లెక్కలో సగం భాషే ఉంది కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

మా ఆడపడుచు కూతురు నాలుగు నెలలుగా మా ఇంట్లో ఉండి చదువుతోంది. ఐబీపీఎస్ వాళ్ల క్లర్కు పరీక్షకి జనరల్ కేటగిరీలో వయసు 28 దాటకూడదు. ఈ పిల్లకి 27 నిండాయి. ఈసారి రాకపోతే ఇంక సంబంధాలు చూసేస్తామని వాళ్ల నాన్న చెప్పేశాడు. పెళ్లి చేసుకోనని కాదు దాని బాధ, చేతిలో ఉద్యోగంతో చేసుకుందామని.

ప్రిలిమ్స్‌లో గంటలో వంద ప్రశ్నలు. అందులో లెక్కలవి 35, వాటికి విడిగా 20 నిమిషాలు. అంటే ప్రశ్నకి 34 సెకన్లు. క్యాలిక్యులేటర్ ఉండదు. తప్పు జవాబుకి పావు మార్కు కోత. నాలుగు తప్పులు పెడితే సరిగ్గా చేసిన ఒక లెక్క మార్కు పోయినట్టే.

ఇంత తొందరలో ట్రిక్కే కదా కాపాడేది అనిపిస్తుంది. నేనూ కాదనను. కానీ దాని నోట్సు తిరగేస్తే ఒక్క శాతాల మీదే రెండు పేజీల సూత్రాలున్నాయి. ధర పెరిగితే వాడకం ఎంత తగ్గించాలి అనేదానికి ఒకటి, ధర తగ్గితే వాడకం ఎంత పెంచవచ్చు అనేదానికి ఇంకొకటి. రెండింటికీ తేడా కింద ఉన్న ఒక్క గుర్తే. ఒకదాంట్లో వందకి కలపాలి, ఇంకోదాంట్లో వందలోంచి తీసెయ్యాలి. ఇంట్లో కూర్చుని చేస్తే బాగానే వస్తుంది. మాక్ టెస్టులో గడియారం తిరుగుతుంటే ప్లస్సా మైనస్సా అన్నది గుర్తురాదు. “అత్తయ్యా, అన్నీ వచ్చు, అక్కడికెళ్లాక కలిసిపోతున్నాయి” అంటుంది. అర్థం చేసుకోకుండా గుర్తుపెట్టుకున్నవి కలిసిపోక ఏం చేస్తాయి?

నిజానికి శాతాలు మనకి కొత్తవి కావు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకి రెండు రూపాయలని, ఏడాదికి 24 శాతమని పల్లెటూళ్లో ఏ బడికీ వెళ్లని పెద్దావిడ కూడా చెబుతుంది. డ్వాక్రా సంఘాల్లో ఉన్నవాళ్లకి ‘పావలా వడ్డీ’ అంటే ఏడాదికి 3 శాతమని వేరే చెప్పక్కర్లేదు. బంగారం కొట్లో తరుగు శాతం దగ్గర బేరమాడేది మనమే. అయినా అదే శాతం పరీక్ష పేపర్లో కనిపిస్తే ‘నాకు లెక్కలు రావు’ అంటాం. ఆ మాట ఆడపిల్లలకి చిన్నప్పటి నుంచీ నేర్పింది కూడా మనమే.

చిక్కు ఎక్కడుందో ఒక చీర లెక్కతో చెబుతాను. 20 శాతం తగ్గింపు పోను చీర 2,400 రూపాయలకి వచ్చింది. అసలు ధర ఎంత? చాలామంది చేసేది 2,400లో 20 శాతం 480, కలిపితే 2,880 అని. పేపరు తయారుచేసేవాళ్లు ఆ 2,880ని ఆప్షన్లలో పెట్టడం మర్చిపోరు. కూడిక తప్పు కాలేదు, గుణకారం తప్పు కాలేదు. చదవడం తప్పింది. కొట్టువాడు 20 శాతం తగ్గించింది పాత ధరలోంచి. 2,400 అనేది తగ్గించాక మిగిలింది.

ఇప్పుడు పాత ధరని ఎక్స్ అనుకుందాం. ఎక్స్‌లో 20 శాతం పోతే మిగిలేది ఎక్స్‌లో 80 శాతం. అది 2,400. అంటే 0.8 ఎక్స్ = 2,400. ఎక్స్ 3,000. సరిచూద్దాం: 3,000లో 20 శాతం 600, తీసేస్తే 2,400. సరిపోయింది. ఎక్స్ చేసిన గొప్ప పనేమిటంటే, ఆ 20 శాతం ఎవరికి చెందుతుందో కాగితం మీద పెట్టించింది. తెలియని దానికి ఒక పేరు పెట్టగానే దానిమీద పనిచెయ్యడం మొదలవుతుంది.

ఇక్కడే నా తెలుగు చదువు పనికొచ్చింది. శాతం ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, ‘దేనిలో’ అన్న ప్రశ్నకి జవాబు పట్టుకునే ఉంటుంది. ఆ జవాబు చెప్పేది విభక్తి. ‘జీతంలో 20 శాతం’ అంటే ‘లో’కి ముందున్న జీతమే వంద. ‘రమ జీతం ఉమ జీతం కంటే 25 శాతం ఎక్కువ’ అంటే ‘కంటే’కి ముందున్న ఉమ జీతమే వంద. ఉమది ఎక్స్ అయితే రమది 1.25 ఎక్స్. ఇప్పుడు ప్రశ్న తిరగేసి, ఉమ జీతం రమ జీతం కంటే ఎంత శాతం తక్కువ అని అడుగుతారు. 25 అని రాస్తే పావు మార్కు పోతుంది. ఈసారి ‘కంటే’కి ముందున్నది రమ జీతం. తేడా 0.25 ఎక్స్, దాన్ని 1.25 ఎక్స్‌తో భాగించాలి. అయిదోవంతు, అంటే 20 శాతం. తేడా మారలేదు, ‘కంటే’ పక్కనున్న మనిషి మారింది. ఇంగ్లీషులో పేపరు రాసేవాళ్లు ఇంకొకటి గమనించాలి. మన ‘కంటే’కి ఆధారం ముందొస్తుంది, వాళ్ల ‘దాన్’కి తర్వాత వస్తుంది. మనసులో తెలుగు చేసుకుంటూ ఇంగ్లీషు చదివే పిల్లలు తడబడేది చాలావరకు అక్కడే.

వంటింటి లెక్క ఒకటి. నూనె ధర 25 శాతం పెరిగింది. ఇంటి ఖర్చు పెరగకూడదంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి? దీనికే ఇందాక చెప్పిన ప్లస్, మైనస్ సూత్రాలు. గుర్తు తారుమారైతే 20కి బదులు ముప్పైమూడు పైన తేలుతుంది, అదీ ఆప్షన్లలో ఉంటుంది. సూత్రం వదిలేసి ఆలోచించండి. ఖర్చు అంటే ధరని వాడకంతో గుణిస్తే వచ్చేది. ధర 1.25 రెట్లు అయింది. ఖర్చు కదలకూడదు. కాబట్టి కొత్త వాడకాన్ని ఎక్స్ రెట్లు అనుకుంటే, 1.25 ఎక్స్ = 1. ఎక్స్ 0.8. అంటే 20 శాతం తగ్గించాలి. ధర తగ్గిన లెక్కకీ ఇదే వాక్యం, అంకె ఒక్కటే మారుతుంది. 20 శాతం తగ్గితే 0.8 ఎక్స్ = 1, వాడకం 1.25 రెట్లు. రెండు సూత్రాలు పోయి ఒక్క ఆలోచన మిగిలింది.

ఇంకో రకం లెక్కలో ‘మిగిలిన దానిలో’ అన్న మాట దాక్కుని ఉంటుంది. ఒకావిడ జీతంలో 40 శాతం అద్దెకీ సరుకులకీ, మిగిలిన దానిలో 25 శాతం పిల్లల ఫీజులకీ పోగా 18,000 మిగిలాయి. జీతమెంత? 40, 25 కలిపి 65 అనుకుంటే అంకెలు తెగవు, 51 వేల పైన ఏదో వంకరగా వస్తుంది. ‘మిగిలిన’ అన్న మాటకి విలువ ఇచ్చి చూడండి. జీతం ఎక్స్. మొదటి ఖర్చు పోతే 0.6 ఎక్స్. అందులో పావు పోతే ముప్పావు, అంటే 0.45 ఎక్స్. అది 18,000. జీతం 40,000.

అన్నిటికంటే నాకు నచ్చేది పాస్ మార్కుల లెక్క. ఒకమ్మాయి 30 శాతం మార్కులు తెచ్చుకుని 15 మార్కులతో తప్పింది. ఇంకో అమ్మాయి 40 శాతం తెచ్చుకుంది, పాస్ మార్కు కంటే 35 ఎక్కువ వచ్చాయి. మొత్తం ఎన్ని మార్కులు? చూస్తే గందరగోళమే. కానీ ఇద్దరి కథలోనూ కదలనిది ఒకటుంది, పాస్ మార్కు. మొదటి అమ్మాయి చెప్పినట్టు అది 0.3 ఎక్స్ + 15. రెండో అమ్మాయి చెప్పినట్టు 0.4 ఎక్స్ − 35. ఒకే మాటని ఇద్దరు చెప్పారు కాబట్టి రెండూ సమానం. 0.1 ఎక్స్ = 50, ఎక్స్ 500. పాస్ మార్కు 165, అంటే 33 శాతం. సమీకరణమంటే ఇంతే, ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చెప్పడం. ఇంట్లో ఇద్దరు పిల్లల తగువు తీర్చిన తల్లికి ఇది కొత్త విద్యేమీ కాదు.

మన భాషకీ ఇది కొత్త కాదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన పాత గణితవేత్తలు బీజగణితాన్ని అవ్యక్త గణితమన్నారు. తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నారు, ‘ఎంతైతే అంత’ అని. ఎంతో తెలియదు, తెలిసేదాకా ఎంతైతే అంత అనుకుని ముందుకు నడుద్దాం అన్నమాట. ఎక్స్ అంటే భయపడే పిల్లలకి ఈ మాట చెప్పి చూడండి, భయం కొంత తగ్గుతుంది.

మరి 34 సెకన్ల మాటేమిటి? ఇది న్యాయమైన ప్రశ్నే. పరీక్షలో ప్రతి లెక్కకీ వరసగా ఎక్స్ రాసుకుంటూ కూర్చోమని నేను చెప్పడం లేదు. మొదటి నెల అలా రాస్తే, రెండో నెలకి ‘20 శాతం తగ్గింపు’ అని చదవగానే 0.8, లేదా అయిదింట నాలుగు అని దానంతటదే తడుతుంది. రూపాయలేవీ ఇవ్వకుండా శాతాలే ఇచ్చిన లెక్కల్లో ఎక్స్‌కి బదులు వంద అనుకుంటే ఇంకా త్వరగా తేలుతుంది. అది కూడా షార్ట్‌కట్టే, కాకపోతే నడిచి నడిచి కనిపెట్టిన అడ్డదారి. దారి తెలిసినవాళ్లకి అడ్డదారి లాభం, తెలియనివాళ్లకి తప్పిపోయే చోటు. పైగా ఎక్కువ సమయం తినేది ఎక్స్ రాయడం కాదు, ప్రశ్నని మూడుసార్లు చదవడం. ‘దేనిలో’ అన్నది మొదటిసారే పట్టుకుంటే మిగతా రెండు చదువులూ మిగులుతాయి.

కోచింగ్‌ల వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. రెండు నెలల్లో వందల మందికి సిలబస్ పూర్తిచెయ్యాలంటే వాళ్లకి సూత్రాల జాబితాయే సుఖం. అందుకే మిగతా పని ఇంట్లో జరగాలి, దానికి మనకి లెక్కలు రానక్కర్లేదు. పిల్లని లెక్క గట్టిగా చదవమనండి. అది తెలుగులో మళ్లీ చెప్పాక రెండే ప్రశ్నలు అడగండి: “ఇది దేనిలో శాతం?”, “తెలియనిది ఏది?” జవాబు వచ్చాక దాన్ని లెక్కలో వెనక్కి పెట్టి సరిచూడమనండి. హోటల్ బిల్లు వచ్చినప్పుడు 5 శాతం జీఎస్టీతో కలిపి 1,050 అయితే తిండి ధర ఎంత అని అడగండి. 1,050లో 5 శాతం తీసేసేవాళ్లకి ఇంకా అభ్యాసం కావాలి. 1.05 ఎక్స్ అని మొదలుపెట్టి వెయ్యి అని చెప్పినవాళ్లకి పరీక్ష భయం అక్కర్లేదు.

ఇంకొక్క మాట తల్లులకి. ఈ లెక్కలకి కావలసింది తెలివి కంటే ఎవరూ పిలవని గంటసేపు. మగపిల్లాడు పుస్తకం పట్టుకుంటే ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. ఆడపిల్ల పట్టుకుంటే పాలు పొంగుతున్నాయి చూడమంటాం. ఉద్యోగం వస్తుందో రాదో ఎవరం చెప్పలేం, పోస్టులు తక్కువ, రాసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. మన చేతిలో ఉన్నది ఆ గంట. సాయంత్రం ఒక గంట పాటు పొయ్యి దగ్గర మనం నిలబడదాం, లేదా ఇంట్లో మగవాళ్లని నిలబెడదాం. పిల్ల తన ఎక్స్ తను రాసుకుంటుంది.